డేటా సెంటరుకు కోళ్ల ఫారం వేడి

మార్చి 5, బుధవారం

బయట చెప్పుకుంటే గొప్పలు పోతోందంటారు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. నేను మంచి ఇంజనీరుని. చూడకుండా సంతకం పెట్టను. మూడుసార్లు పరీక్ష తప్పి నాలుగోసారి కొట్టుకొచ్చిన ఉద్యోగం ఇది. ఏప్రిల్ 10తో రెండేళ్ల ప్రొబేషన్ పూర్తవుతుంది. ఆ రోజు మా పై అధికారి, ఈఈ చలపతిరావు గారు "భవిత పని సంతృప్తికరం" అని ఒక్క వాక్యం రాస్తే నేను పర్మినెంట్. రాయకపోతే మళ్లీ మొదటికి, లేదా ఏకంగా ఇంటికి. పెళ్లిచూపుల్లో కూడా ఇంతకన్నా ఎక్కువ మాట్లాడతారు.

సైటు గేటు మీద బోర్డు: రాష్ట్ర డేటా సెంటర్, మొదటి దశ, రెండు వందల పద్నాలుగు కోట్లు. లోపల మొదటి హాలు ఖాళీ. కంప్యూటర్ల టెండరు వేరే వాళ్లది, అది ఇంకా తేలలేదు. ఏసీలు మాత్రం వచ్చేశాయి. రాత్రీ పగలూ తిరుగుతున్నాయి. సర్కారు డబ్బుతో గాలిని చల్లబెట్టి, ఆ గాలికే చూపిస్తున్నాం.

పొద్దున అత్వెల్లి నుంచి మేకలు తోలుకొచ్చిన ముసలమ్మ గేటు దగ్గర ఆగింది.

"ఏం బిడ్డా, గీ బిల్డింగుల ఏముంటది?"

"డేటా ఉంటదవ్వా. మనందరి కాయితాలు. భూమియి, రేషన్‌యి, పింఛన్‌యి."

"నా పింఛన్ కాయితం గిండ్ల ఉన్నదా?"

"ఇంకా రాలే."

"రాని కాయితానికి గింత సల్లగ ఎందుకు పెట్టిన్రు?"

కండ్లకోయలో నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాను. అంత చదువూ చదివి, "ట్రయల్ అవ్వా" అన్నాను. ఆమె మేకల్ని అదిలించుకుంటూ పోయింది. మేకలు కూడా నన్నే చూస్తూ పోయాయి.

మార్చి 8

రెండో శనివారం, సెలవు. చలపతిరావు గారు నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఆయన ఫోనులో చెప్పనిది లేదు, కాగితం మీద రాసింది లేదు.

మార్చి 11, మంగళవారం

పరేషాన్.

హాలు నిజంగా చల్లబడుతుందో లేదో తెలియాలంటే లోపల వేడి ఉండాలి. కంప్యూటర్లు లేవు కాబట్టి వాటికి బదులు వేడి పుట్టించే పెద్ద పెట్టెలు అద్దెకు తేవాలి. లోడ్ బ్యాంకులంటారు. డెబ్బై రెండు గంటలు కాల్చాలి, ఏసీలు తట్టుకున్నాయని నేను సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. పెట్టెల అద్దె ముప్పై ఎనిమిది లక్షలు. అంటే లక్షలు పోసి వేడి తెస్తాం, మళ్లీ కరెంటు బిల్లు కట్టి ఆ వేడిని చల్లారుస్తాం.

ఇంట్లో చెబితే నాయిన పొట్ట పట్టుకుని నవ్వాడు. ముప్పై రెండేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మా నాయిన భిక్షానికి ఏ కరెంటు కబురు చెప్పినా సినిమా కిందే లెక్క.

"పొయ్యి మీద ఐసుగడ్డ పెట్టి రెండిట్ల ఏది గెలుస్తదో సూస్తున్నరన్నట్టు."

"అట్ల కాదు నాయినా, అది పద్ధతి."

"పద్ధతే బిడ్డా. నేనేమన్న?"

ఇప్పుడు ఆ పద్ధతికే గండి పడింది. పెట్టెలు అద్దెకిచ్చే చెన్నై కంపెనీ ఏప్రిల్ 8 దాకా అవి లేవంది. మార్చి నెలలో దేశంలోని ఆఫీసులన్నీ వేడి కోసం క్యూ కట్టాయట. 31వ తేదీలోగా పరీక్ష కాకపోతే ఈ ఏడాది నిధులు వెనక్కి పోతాయి.

కాంట్రాక్టరు మేనేజరు వంశీ ఉన్నాడు, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుంటాడు. దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు.

"మేడం, హాలు సల్లగనే ఉన్నది గదా. డెబ్బై రెండు గంటలు నడిసినట్టు రాస్తే అయిపాయె."

"నేను చూడకుండా సంతకం పెట్టను వంశీ గారూ."

అతను నవ్వాడు. ఎందుకు నవ్వాడో తెలియదు.

మార్చి 14

హోలీ. చలపతిరావు గారి ఫోను: "ఏదో ఒక వేడి చూడమ్మా." ఏదో ఒక వేడి! మేడ్చల్ ఎండను గోనెసంచుల్లో పట్టుకు రమ్మంటారా?

మార్చి 17, సోమవారం

జలాల్ చాచా నూరేళ్లు చల్లగా ఉండాలి.

మా సైటు ఎలక్ట్రీషియన్. అరవై దాటాయి. ఇక్కడికి రాకముందు శామీర్‌పేట వైపు కోళ్ల ఫారాలకు ఇరవై ఏళ్లు వైరింగ్ చేశాడు. రంజాన్ కదా, రోజా ఉన్నాడు. నీడలో కూర్చుని టెస్టర్ తుడుచుకుంటూ, నా మొహం చూసి అడిగాడు.

"ఏమైంది మేడం, మీరు గూడ రోజా ఉన్నట్టున్నరు?"

చెప్పాను. అంతా విన్నాడు.

"వేడే గదా గావాల్సింది? కోడిపిల్లలకు పెట్టే హీటర్లు లెవ్వా? చలికాలం పాయె, ఫారాలల్ల అన్నీ మూలకు పడ్డయ్. ఒక్కోటి రెండు కిలోవాట్లు. మీకెంత గావాలె?"

మొదటి హాలుకు నూట ఇరవై కిలోవాట్లు కావాలి. అరవై హీటర్లు. మూడుసార్లు లెక్కేశాను, మూడుసార్లూ అరవయ్యే వచ్చింది. టెండరు పుస్తకం తీసి చూశాను. "తగినంత ఉష్ణ భారం" అని మాత్రమే ఉంది. ఆ వేడి కంప్యూటర్లకు పుట్టాలా, కోడిపిల్లలకు పెట్టాలా అని ఎక్కడా లేదు.

చలపతిరావు గారికి ఫోన్ చేశాను.

"బ్రహ్మాండంగా ఉందమ్మా! చేసెయ్."

"సార్, రాతపూర్వకంగా ఒక్క ముక్క..."

"ప్రతిదానికీ రాతలేంటమ్మా? నమ్మకం ఉండాలి మనిషికి."

నమ్మకం ఉంది. కాగితం లేదు.

మార్చి 18

శామీర్‌పేట అవతల సిద్దిరాములు ఫారం. అరవై హీటర్లూ ఆయన దగ్గరే ఉన్నాయి. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాడు.

"హీటర్లు ముఫత్‌గ ఇస్త. కిరాయి గిట్ల ఏం వద్దు."

కిరాయి వద్దన్న మనిషిని చూస్తే నాకు భయం. "మరి?" అన్నాను.

"మీ హాలు మస్తు సల్లగుంటదంట గద. గీ ఎండలకు నా కోళ్లు దినాం పదీ పదిహేను సస్తున్నయ్. ఓ రెండు వేల కోళ్లను నెల రోజులు..."

"సిద్దిరాములు గారూ, అది రాష్ట్ర డేటా సెంటరు!"

"ఖాళీగనే ఉన్నదంట గద మేడం. పైసలు మనయే. సల్లగాలి ఊకెనే పోతాంది."

అరగంట వాదించాను. సిగ్గులేకుండా రాసుకుంటున్నాను, మధ్యలో ఒక నిమిషం నాకూ నిజమే అనిపించింది. చివరికి గవర్నమెంటు కాగితం మీద కృతజ్ఞతాపత్రం ఇస్తే చాలన్నాడు, ఫ్రేము కట్టించుకుంటాడట. నా సంతకంతో ఇచ్చాను. ఈ ప్రాజెక్టులో ఇంతవరకు ఇష్టంగా పెట్టిన సంతకం అదొక్కటే.

మార్చి 20

హీటర్లు దిగాయి. జవహర్‌నగర్ చెత్త మీదుగా వచ్చే గాలికే అలవాటుపడ్డ మా వాచ్‌మన్ కూడా ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. ప్రతి హీటరు జాలీలోనూ ఈకలు, నూగు.

జలాల్ చాచా ఒకదాన్ని తిప్పి చూసి అన్నాడు: "ఎంత ఊదినా గీ ఈకలు పోవు మేడం. ముందుగాల బయట పెట్టి ఒక పూట కాల్చాలె. ఫారంల గూడ పిల్లలను దింపక ముందు గట్లనే జేస్తం. రేపు జుమ్మా, నేను నమాజుకు పోయొస్త. వచ్చినంక కాల్చుదాం. అప్పటిదాంక లోపల పెట్టకున్రి."

సరేనన్నాను. సరేనన్నట్టు నాకు బాగా గుర్తుంది.

మార్చి 21, శుక్రవారం

సాయంత్రం నాలుగుకు రావాల్సిన చలపతిరావు గారు ఒంటిగంటన్నరకే దిగారు. "ఏదమ్మా మన వేడి?" అన్నారు. జలాల్ చాచా మసీదులో ఉన్నాడు. ఒక్క పూట ఆగమంటే ఆగేవారేమో. నేను అడగలేదు. ప్రొబేషన్ రాసే మనిషి ముందు చురుగ్గా కనిపించాలనుకున్నాను. వంశీ మనుషుల చేత అరవై హీటర్లనూ హాల్లో వరసగా పెట్టించి, "ఆన్" అన్నాను. నేనే అన్నాను.

మొదటి రెండు నిమిషాలు బ్రహ్మాండం. కడ్డీలు ఎర్రబడ్డాయి. సార్ ఫోటోలు తీసుకున్నారు.

మూడో నిమిషంలో ఈకలు అంటుకున్నాయి. హాల్లో పొగ జాడ కనిపెట్టే యంత్రాలు మా అవ్వ ముక్కు కంటే చురుకు. సైరన్ మోగింది. ఎర్రలైటు తిరిగింది. గోడలోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో చాలా మర్యాదగా, ముప్పై సెకన్లలో మంటలార్పే గ్యాస్ వదులుతాను, అందరూ బయటికి నడవండి అంది. ఎవరూ నడవలేదు. యాభై ఏడేళ్ల చలపతిరావు గారు నాకన్నా ముందు తలుపు బయటున్నారు. ఆయన ఒక బూటు లోపలే ఉండిపోయింది.

హాలు తలుపు అద్దంలోంచి చూస్తున్నాం. ముప్పై సెకన్లు అయ్యాయి. "టిక్" అని ఒక చప్పుడు. అంతే. నిమిషమైంది, రెండైంది. ఈకలు కాలిపోయి పొగ దానంతటదే తగ్గింది. గ్యాస్ రాలేదు.

"దేవుడున్నాడమ్మా!" అన్నారు సార్, గుండె మీద చెయ్యేసుకుని. "గ్యాస్ వదిలి ఉంటే మళ్లీ నింపడానికి కోటి పైన అయ్యేది!"

"అవును సార్, దేవుడే" అన్నాడు వంశీ. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. సార్ బూటు తెప్పించుకుని వెళ్లిపోయారు.

జలాల్ చాచా టోపీ తీయకుండానే పరుగెత్తుకొచ్చాడు. వాసన చూడగానే విషయం అర్థమైంది.

"బయట కాల్చలేదా మేడం?"

తల దించుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అటూ ఇటూ చూసి ఒకటే అడిగాడు.

"మరి గ్యాస్ ఏది?"

అంతవరకు ఆ మాట ఎవరమూ అడగలేదు.

సిలిండర్ల గదిలోకి వెళ్లాం. ఇరవై నాలుగు ఎర్ర సిలిండర్లు. ప్రతిదాని మీదా గుండ్రటి మీటరు, ముల్లు పచ్చ గీత మీద. ఫిబ్రవరిలో చూసినప్పుడు ముళ్లన్నీ ఒకే చోట నిలబడితే ఎంత ముచ్చటేసిందో. చాచా ఒక మీటరును వేలితో కొట్టాడు.

"ఏ ముల్లైనా కొడితే జర వణకాలె మేడం. గిది జూడున్రి, సచ్చిన ఈగ లెక్క ఉన్నది."

అద్దం ఊడదీశాడు. ముల్లు కింద జిగురు మెరిసింది. తర్వాత స్పానరుతో ఒక్కో సిలిండర్‌నూ పుచ్చకాయ బేరమాడినట్టు కొట్టుకుంటూ పోయాడు. తలుపు దగ్గరి నాలుగూ బరువుగా మోగాయి. మిగతా ఇరవై ఖాళీ బిందెల్లా మోగాయి. ముందు తెరుచుకుని తన ఒత్తిడితో మిగతావాటిని తెరవాల్సిన సిలిండరూ ఆ ఖాళీవాటిలోనే ఉంది, అందుకే నిండుగా ఉన్న నాలుగూ తెరుచుకోలేదు.

ఇరవై నాలుగూ నిండుగా ఉన్నాయని ఫిబ్రవరి 19న ఎం.బి.లో రాసి సంతకం పెట్టింది నేను. ఎం.బి. అంటే మా కొలతల పుస్తకం. అందులో నేను రాస్తేనే బిల్లు. ఈ సిలిండర్లకు కోటీ ఎనభై లక్షలు. ఈ నెల బిల్లులో ఉంది.

మార్చి 22

ఏమీ కాలేదు. ఫిబ్రవరి 19న నేను ప్రతి సిలిండర్ దగ్గరికీ వెళ్లి చూశాను. ముల్లు అతికించిన వాడిది తప్పు గానీ చూసినదానిది కాదు.

మార్చి 23

ఏమీ కాలేదు. ఫిబ్రవరి 19న నేను మొదటి వరస చూశాను. మొదటి వరస బాగుంటే మిగతావీ బాగున్నట్టే కదా. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకే పట్టి చూస్తాం.

మార్చి 24

ఫిబ్రవరి 19న నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. లోపలికి వెళ్లలేదు. ఎండగా ఉంది. వంశీ చల్లటి లస్సీ తెప్పించాడు. ఒక చేత్తో లస్సీ పట్టుకుని, ఇంకో చేత్తో సంతకం పెట్టాను. తూకం అడగలేదు. లస్సీ బాగుంది.

మార్చి 11న అతను అందుకే నవ్వాడు.

మార్చి 25, మంగళవారం

సిద్దిరాములు ఫారం నుంచి కోళ్ల గంపలు తూచే కాటా తెప్పించాం. సిలిండర్ మీద కొట్టి ఉంది: నిండుగా నూట పద్దెనిమిది కిలోలు. కాటా చూపించింది: అరవై, అంటే ఒట్టి సిలిండర్ బరువే. ఇరవై సిలిండర్లూ అంతే. వంశీ గేటు దగ్గరే నిలబడి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ఉన్నాడు. లోపలికి రాలేదు.

చలపతిరావు గారికి చెప్పాను. 

"తూచమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"అదే నేనూ అంటున్నది."

మార్చి 26, బుధవారం

హీటర్లన్నిటినీ రెండు రోజులుగా బయట కాల్చాం. పొద్దున పదింటికి అసలు పరీక్ష మొదలైంది. గంట గంటకూ నేనే వేడి చూసి రాసుకుంటున్నాను. ఇప్పుడు ఎవరేం చెప్పినా నా కళ్లతో చూస్తే గానీ నమ్మను. నాయిన చాయ్ తెచ్చాడంటే కప్పులోకి తొంగిచూశాను.

మార్చి 27

ఇరవై నాలుగు డిగ్రీలు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. సాయంత్రం చాచా రోజా విడిచే వేళ ఖర్జూరాలు నాకూ పెట్టాడు. సిద్దిరాములు తన హీటర్లను చూడ్డానికొచ్చి, ఒక్కోదాన్నీ పలకరించి, "ఏసీల ఉంటున్నరు, మల్ల ఫారానికొస్తే మనసున పడతదో లేదో" అని బెంగపడ్డాడు.

మార్చి 29, శనివారం

డెబ్బై రెండు గంటలు పూర్తి. హాలు ఒక్కసారి కూడా ఇరవై నాలుగు దాటలేదు. ఏసీలు నిజంగా మంచివి! రెండు వందల పద్నాలుగు కోట్లలో కొంతైనా నిజంగా పనిచేస్తోందంటే నాకెంత సంతోషమేసిందో. సర్టిఫికెట్ మీద ధైర్యంగా సంతకం పెట్టాను. చాచా, నేను చెయ్యీ చెయ్యీ కలిపి చరుచుకున్నాం.

సిలిండర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడిలో వేపపువ్వు నాయినే వేశాడు, చేతికొచ్చినంత. సాయంత్రం నెలవంక కనిపించిందని జలాల్ చాచా ఫోన్ చేశాడు. రేపు పండుగ. రేపే మార్చి 31. బ్యాంకులూ మా ఆఫీసూ మాత్రం తెరిచే ఉంటాయి. సర్కారుకు పండుగ కన్నా ఆర్థిక సంవత్సరం పెద్దది.

ఎనిమిదింటికి చలపతిరావు గారి ఫోను. గొంతు చక్కెర పానకంలా ఉంది.

"హ్యాపీ ఉగాది అమ్మా భవితా. రేపు సాయంత్రం నాలుగు లోపు ఎం.బి. నా టేబులు మీద ఉండాలి. ఉన్నది ఉన్నట్టుగా పంపించెయ్. సిలిండర్లు కాంట్రాక్టరు ఏప్రిల్‌లో నింపిస్తానన్నాడు. నువ్వు ఆ అంకె కొట్టేస్తే బిల్లు మొత్తం ఆగిపోతుంది. పైగా తూచకుండా సంతకం పెట్టింది ఎవరు?"

"నేనే సార్."

"మరి? నీ ప్రొబేషన్ రిపోర్టు ఇవాళ పండుగ పూట కూర్చుని రాద్దామనుకుంటున్నాను. సంతృప్తికరం అని. ఏమంటావ్?"

పండుగ శుభాకాంక్షలు చెప్పి ఫోను పెట్టేశాను. అడకత్తెరలో పోకచెక్క అని చిన్నప్పుడు సొంతవాక్యాలు రాసేదాన్ని. ఇప్పుడు ఆ పోకచెక్కను నేనే.

నాయినకు చెప్పాను. లస్సీ సంగతి కూడా. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

"లైను బందు పెట్టిన, ఎక్కు అని కింద నుంచి ఫోన్ల జెప్తరు బిడ్డా. ఎక్కినోడు రాడ్ పెట్టి కరెంటున్నదో లేదో తానే సూసుకోవాలె. సూసుకోకుండ వైరు ముట్టినోళ్లు నాతోని ఇద్దరు పనిజేసిన్రు."

"ఇప్పుడేడున్నరు?"

నాయిన తల పైకెత్తి వాకిట్లోని కరెంటు వైర్ల వైపు చూశాడు. అప్పుడర్థమైంది, ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగానో.

"ఉద్యోగం పోతే?" అన్నాను.

"పోతే పోనీ అని నేనన. నాలుగేండ్లు సదివినవ్, నీ కష్టం నాకెరుక. నీకు నిద్ర పట్టేది నువ్వు జెయ్."

నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

మార్చి 31, సోమవారం, ఈద్

పన్నెండింటికి జలాల్ చాచా కొత్త లాల్చీలో, అత్తరు ఘుమఘుమతో సైటుకొచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారియర్. షహర్ బాను చాచీ పండుగ పాయసం, షీర్ ఖుర్మా పంపింది.

"పండుగ పూట ఎందుకొచ్చిన్రు చాచా?"

"మీరు ఒక్కలే ఉన్నరని మీ చాచీ లొల్లి బెట్టింది. తినున్రి ముందుగాల. ఏం రాసేదున్నా కడుపు నిండినంక రాయాలె."

రెండు గిన్నెలు తిన్నాను. తర్వాత ఎం.బి. తీశాను. ఆ పుస్తకంలో పేజీలకు నంబర్లుంటాయి. చింపితే దొరికిపోతాం. కొట్టేస్తే, ఎందుకు కొట్టేశామో పక్కనే రాసి మళ్లీ సంతకం పెట్టాలి. నలభై ఏడో పేజీ. ఇరవై నాలుగు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశాను. పక్కన రాశాను: "నాలుగు నిండుగా, ఇరవై ఖాళీగా ఉన్నాయి. మార్చి 25న తూచితే తెలిసింది. ఫిబ్రవరి 19న నేను తూచకుండానే సంతకం చేశాను."

మూడో వాక్యం రాయకపోయినా నడిచేది. దానికే ఎక్కువ సేపు పట్టింది.

మూడున్నరకు స్వయంగా తీసుకెళ్లి చలపతిరావు గారి టేబులు మీద పెట్టాను. ఆయన చదివారు. కళ్లద్దాలు తీసి తుడిచారు. మళ్లీ చదివారు. నన్ను కూర్చోమనలేదు.

ఏప్రిల్ 1

సిలిండర్ల బిల్లు ఆగిపోయింది. మిగతావన్నీ పాసయ్యాయి. ఎవరూ ఫోన్ చేయలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఇవాళ్టి టపాలో రెండు కాగితాలు ఒకే కవరులో వచ్చాయి. ఇంత పొదుపు మా శాఖలో ఎప్పుడూ చూడలేదు.

మొదటిది అభినందన పత్రం, నా దగ్గరికి నకలు. "స్థానిక వనరులతో వినూత్నంగా ఉష్ణ భార పరీక్ష నిర్వహించి, ముప్పై ఎనిమిది లక్షల ప్రజాధనం ఆదా చేసిన శ్రీ చలపతిరావు గారికి..."

రెండోది మెమో, నాకు. "రక్షిత ప్రభుత్వ ప్రాంగణంలోకి కోళ్ల ఫారానికి చెందిన అరవై హీటర్లను పై అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా తెప్పించినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను." సాక్ష్యంగా సిద్దిరాములుకు నేనిచ్చిన కృతజ్ఞతాపత్రం ఫోటో. ఫ్రేముతో సహా.

అవే అరవై హీటర్లు. ఆయనకు దండ, నాకు దండన. ఖాళీ సిలిండర్ల గురించి రెండింట్లోనూ ఒక్క ముక్క లేదు. జలాల్ చాచాకు చదివి వినిపిస్తే, "వాహ్! గీ హీటర్లు మనకన్న హుషారున్నయ్" అన్నాడు. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆ నీళ్లలో కొన్ని నవ్వువి కావు.

సంజాయిషీ అక్కడికక్కడే రాశాను: "తెప్పించాను. రాతపూర్వక అనుమతి అడిగాను, రాలేదు. ఆ హీటర్ల మీది ఈకలు కాలడం వల్లే సిలిండర్లు ఖాళీ అని తెలిసింది. ఎం.బి. 47వ పేజీ చూడగలరు."

ఏప్రిల్ 10

రెండేళ్లు పూర్తి. ఆర్డరు రాలేదు. నాయిన పొద్దున మిఠాయి తెచ్చి, అడగకుండా ఫ్రిజ్‌లో పెట్టేశాడు.

ఏప్రిల్ 14

ఇంకా రాలేదు. మా ఈఈ ఆఫీసులో గుమస్తా అన్నాడు, ఫైలు సార్ టేబులు మీదే ఉందట, కదలట్లేదట.

ఏప్రిల్ 17, గురువారం

పదకొండింటికి లారీ వచ్చింది. ఎం.బి. 47వ పేజీని దాటి బిల్లు పోదు కాబట్టి కాంట్రాక్టరుకు వేరే దారి లేకపోయింది. గదిలో పాతవి నాలుగు, లారీలో కొత్తగా నింపినవి ఇరవై. వంశీ తెల్ల చొక్కాలో దిగాడు. ఈసారి లస్సీ తేలేదు. తెలివైనవాడే.

"మొత్తం ఫుల్లున్నయ్ మేడం. సూస్కోరి. సంతకం పెడితే లారీ పంపిస్త, ఎండ మస్తున్నది."

"తూద్దాం."

"ఇరవై నాలుగా?"

"ఇరవై నాలుగు."

మూడు గంటలు పట్టింది. జలాల్ చాచా, ఇద్దరు కూలీలు ఎత్తి కాటా మీద పెట్టడం, నేను వంగి అంకె చూడటం. పాతవాటినీ వదల్లేదు. కొత్త మీటర్లను కూడా ఒక్కోదాన్నీ వేలితో కొట్టి ముల్లు వణికిందాకా ఆగాను. వాచ్‌మన్ గొడుగు పట్టుకున్నాడు. పదహారు దాకా అన్నీ నూట పద్దెనిమిది. పదిహేడోది నూట ఆరు. మళ్లీ పెట్టించాను. నూట ఆరు. మిగతా ఏడూ సరిగ్గా ఉన్నాయి. పదిహేడోదాన్ని మళ్లీ లారీ ఎక్కించాం.

"ఒక్కటే గదా మేడం," అన్నాడు వంశీ. "పన్నెండు కిలోలు. రేపు నింపిస్త. ఇరవై నాలుగు రాయున్రి."

నేనేమీ అనకముందే అతను ఫోను నా చేతికిచ్చాడు. అప్పటికే కలిపేశాడు.

"ఏంటమ్మా భవితా?" చలపతిరావు గారు. "ఇరవై మూడు బాగానే ఉన్నాయటగా. ఇంకోదాని కోసం బిల్లు మళ్లీ ఆపుతావా?"

"ఇంకోటి లారీలో ఉంది సార్. వెనక్కి పోతోంది."

"నీ ఫైలు నా టేబులు మీదే ఉందమ్మా."

ఎండ మండిపోతోంది. చాచా కాటా పట్టుకుని నావైపే చూస్తున్నాడు.  ఈ ఉద్యోగం నాకు కావాలి, పిచ్చిగా కావాలి, ఆ క్షణంలో అనిపించినంతగా ఇంకెప్పుడూ అనిపించలేదు.

"ఉండనీండి సార్," అన్నాను. "ఇక్కడ లారీ ఆగి ఉంది. తర్వాత మాట్లాడతాను."

ఫోను వంశీకి ఇచ్చేసి, సిలిండర్ల గదిలో నేల మీద కూర్చుని ఎం.బి. తెరిచాను. అంకె రాశాను. ఒళ్లో పుస్తకం కదిలి మూడు వంకరగా పడింది. ఎవరైనా నాలుగని చదువుతారేమోనని పక్కనే అక్షరాల్లో కూడా రాశాను: ఇరవై మూడు.